వటువునకిచ్చిన మాట

సత్యమును మించిన ధర్మము లేదని పెద్దలు పిల్లలకు బోధింతురు. కాని తాము పిల్లలతో పలుకు చిన్న చిన్న బొంకులను ఆ పెద్దలే బొంకులుగా నెంచరు.

హైదరాబాదు మాదాపూర్‌లో 1998వ సంవత్సరమున సైబర్ టవర్స్ ప్రారంభమైనది. నేడు గచ్చిబౌలి, కొండాపూర్ వరకు వ్యాపించిన ఆ ప్రాంతమున, అమెరికా వేళల ననుసరించి రాత్రులు పనిచేయు తల్లిదండ్రులు అనేకులు గలరు. బిడ్డ కొంగు పట్టుకొన్నప్పుడు, "ఇప్పుడే వస్తానమ్మా" అని తల్లి గడప దాటును. ఆమె తిరిగి వచ్చుసరికి తెల్లవారును. "అన్నం తినకపోతే బూచాడు వస్తాడు", "ఫోనులో ఛార్జింగు లేదు" అనునవియు నిట్టివే.

పోతన భాగవతము అష్టమస్కంధమున, వివాహము, ప్రాణాపాయము మొదలగు సందర్భములలో బొంకినను దోషము లేదని శుక్రాచార్యుడు బలికి చెప్పెను. పిల్లలను ఊరడించుట వానిలో లేదు. మూడడుగుల నేల నడిగినది పొట్టి వడుగు. వచ్చినవాడు విష్ణువని గురువు హెచ్చరించినను, ఆ వటువునకిచ్చిన మాటను బలి తప్పలేదు.

2014లో వెలువడిన కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధన యొకటి ఈ విషయమునే వేరొక రీతిగా తెలిపినది. పెద్దలచే మోసగింపబడిన అయిదు మొదలు ఏడేండ్ల పిల్లలు, తాము చేసిన తప్పును దాచుటకు ఇతరులకంటె ఎక్కువగా బొంకిరి.

కనుక "ఆఫీసుకు వెళ్తున్నాను, నువ్వు లేచేసరికి వస్తాను" అని ఉన్నమాట చెప్పవలెను. బిడ్డ ఏడ్చును, కొంతసేపటికి ఊరుకొనును. చెప్పిన వేళకు తల్లి వచ్చుట చూచి, మరునాడు నమ్మును. తల్లి మాటను నమ్మ నేర్చిన బిడ్డకే దైవమును నమ్ముట సులభము.