అమెరికాలో ‘హోమ్లీ’ అనే విశేషణం

ప్రశ్న: అమెరికాలో పెరిగిన అమ్మాయి పెళ్లి ప్రకటనలో ‘హోమ్లీ’ అని రాయవచ్చా?

జవాబు: రాయకూడదు. తెలుగునాట పెళ్లి ప్రకటనల ఇంగ్లిషులో ఈ విశేషణానికి ఇంటి పనులు తెలిసిన, అందరితో కలిసిమెలిసి ఉండే పిల్ల అనే మెప్పు స్థిరపడింది గానీ, అమెరికాలో మనిషిని ఈ మాటతో వర్ణిస్తే అందం అంతంతమాత్రమనే అర్థం వస్తుంది కాబట్టి, డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పెరిగిన అమ్మాయి కన్నవాళ్లే తన గురించి అలా రాశారని చూస్తే నొచ్చుకోవడం సహజం.

ఈ అర్థం అమెరికన్లు కొత్తగా పుట్టించినది కాదు, షేక్‌స్పియర్ నాటకాల్లోనూ కనిపిస్తుంది. ఇల్లు అనే అర్థమున్న ‘హోమ్’ నుంచి ఏర్పడిన ఈ పదం ఇంటికి తగినది, ఆడంబరం లేనిది అనే అర్థాల మీదుగా చూపులకు నాసిగా ఉన్నది అనేదాకా దిగజారింది. మంచి అర్థమున్న మాట ఇలా హీనార్థంలోకి జారడాన్ని భాషాశాస్త్రంలో అర్థగ్రామ్యత అంటారు. ఒకప్పుడు పరిమళానికీ చెల్లిన ‘కంపు’ నేడు దుర్వాసనకే మిగలడం తెలుగులో ఇందుకు చక్కని ఉదాహరణ. 1828లో నోవా వెబ్‌స్టర్ ప్రచురించిన నిఘంటువు ‘అందంగా లేని’ అనే అర్థాన్నే ముందు ఇచ్చి, ఇది ‘అగ్లీ’ అన్నంత కటువైనది కాదని కూడా వివరించింది.

బ్రిటన్‌లో మాత్రం ఇంటికీ భోజనానికీ వాడితే ఇది ఇప్పటికీ మెప్పే. అమెరికాలో ఆ మెప్పుకు ‘హోమీ’ అనే మాట ఉంది. అయితే అది ఇంటికీ హోటల్‌కీ నప్పుతుందే తప్ప మనిషికి నప్పదు, ప్రకటనలో ‘ఫ్యామిలీ ఓరియెంటెడ్’ అని, అదీ అమ్మాయిని అడిగి, రాయడం మేలు.