దించుకొన్న ఫైలును తెరచుట – సౌకర్యము, జాగ్రత్త

సంతలో కొన్న ఎద్దును ఇంటికి తెచ్చిన వెంటనే మన కొట్టములోని పశువుల సరసన కట్టము. కొన్ని దినములు దానిని వేరుగా కట్టి, మేత మేయుచున్నదా, నెమరు వేయుచున్నదా, నోట చొంగ కారుచున్నదా అని చూచి, పిమ్మట మందలో కలుపుదుము. ఈ కొద్ది శ్రమకు వెనుదీసినచో గాలికుంటు కొట్టమంతటికిని వ్యాపింపవచ్చును. మన ఫోనులోనికి, గ్రామాధికారి కంప్యూటరులోనికి బయటినుండి వచ్చు ఫైళ్ళ విషయములో కూడ పాటింపవలసిన పద్ధతి ఇదియే.

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతముల వారికి ఇది దూరపు సంగతి కాదు. భూమి రికార్డులకై ఏర్పడిన ధరణి పోర్టల్ 2020 అక్టోబరు 29వ తేదీన ప్రారంభమైనది శామీర్‌పేటకు సమీపమున నున్న మూడుచింతలపల్లి గ్రామములోనే. దాని స్థానములో భూభారతి పోర్టల్ 2025 ఏప్రిల్ 14వ తేదీన వచ్చినది. పీఎం కిసాన్ పథకము 2019లో మొదలై, అర్హులైన రైతులకు సంవత్సరమునకు 6,000 రూపాయలను మూడు వాయిదాలుగా నేరుగా బ్యాంకు ఖాతాలో వేయుచున్నది. దరఖాస్తు, రసీదు, భూమి వివరము, ప్రభుత్వ ఉత్తరువు ఇవన్నియు నేడు ఫైళ్ళ రూపమున వచ్చుచున్నవి. కావున ఫైళ్ళను దించుకొనవద్దని చెప్పుట, విత్తనము కొనవద్దని చెప్పుట వంటిది. సౌకర్యము పోకుండ జాగ్రత్త పడుట ఎట్లో తెలిసికొనుటయే మనకు కావలసినది.

దించుట వేరు, తెరచుట వేరు

క్రోమ్, ఫైర్‌ఫాక్స్ మొదలగు బ్రౌజర్లు ఫైలును తెచ్చి ‘డౌన్‌లోడ్స్’ అను అరలో పెట్టును. ఇది సంచిని తెచ్చి వసారాలో దించుట వంటిది. ఫైలును తెరచుట ఆ సంచిలోని గింజను పొలములో చల్లుట వంటిది. సాధారణముగా కీడు జరుగునది దించినపుడు కాదు, తెరచినపుడు. ఈ రెండు పనుల నడుమ ఉన్న కొద్ది వ్యవధియే మనకు రక్ష.

సౌకర్యము కొరకు బ్రౌజర్లు ఈ వ్యవధిని తగ్గించుచు వచ్చినవి. ఉదాహరణకు ఫైర్‌ఫాక్స్ పూర్వము ‘తెరువవలెనా, దాచవలెనా?’ అని అడుగుచుండెడిది. 2022 మార్చిలో వచ్చిన 98వ కూర్పు నుండి అడుగకయే దించుకొనుట మామూలైనది. కంప్యూటరుపై ‘ఈ రకము ఫైళ్ళను ఎల్లప్పుడు తెరువుము’ అను ఏర్పాటును కూడ కొన్ని బ్రౌజర్లు చూపును. దీనివలన ఒక నొక్కు మిగులును గాని, చూచి ఆలోచించు అవకాశము పోవును. కావున ఆ ఏర్పాటును పెట్టుకొనరాదు. సెట్టింగులలో ‘ప్రతి ఫైలుకు ముందు అడుగుము’ అను దానిని ఎంచుకొనినచో ఫైలు పేరు మీ కంట పడిన పిదపనే లోనికి వచ్చును.

ఫైలు జాతిని గుర్తించుట

ఫైలు పేరు చివర చుక్క తరువాత నుండు అక్షరములు దాని జాతిని తెలుపును. వీనిని మూడు తరగతులుగా భావింపవచ్చును.

1. చూచి చదువుకొనునవి: పీడీఎఫ్, జేపీజీ. ఉత్తరువులు, రసీదులు, ఫొటోలు ఈ తరగతిలోనివి. పీడీఎఫ్‌ను బ్రౌజరులోనే తెరచుట మేలు. బ్రౌజరు దానిని కంచె వేసిన మడిలో వలె విడిగా ఉంచి చూపును. బ్రౌజరును ఎప్పటికప్పుడు కొత్త కూర్పునకు మార్చుకొనుచుండినచో భయము స్వల్పము. ఐనను అందులోని లింకులను పరీక్షింపక నొక్కరాదు.

2. అనుమానింపదగినవి: వర్డ్, ఎక్సెల్, జిప్. వీనిలో దాగిన ఆజ్ఞలుగాని, వేరు ఫైళ్ళుగాని ఉండవచ్చును. పంపినవారు తెలిసినవారైనను, మనము కోరినదే వచ్చినదా అని విచారించి తెరువవలెను.

3. తమంత తాము పని చేయునవి: ఫోనుపై ఏపీకే, కంప్యూటరుపై ఈఎక్స్ఈ. ఇవి కాగితములు కావు, పనివారు. ఇంట అడుగు పెట్టనిచ్చినచో ఏ గది తలుపైనను తీయ యత్నించును. దరఖాస్తుగాని, రసీదుగాని, లబ్ధిదారుల జాబితాగాని ఏపీకే రూపమున రావలసిన అవసరము ఎన్నడును లేదు. ఈ ఒక్క మాట గుర్తుంచుకొనినను సగము ప్రమాదము తప్పును.

పేరు చూచి మోసపోవుట కొత్త కాదు. 2000 మే నెలలో ప్రేమలేఖ అను పేరుతో ఈమెయిలు ద్వారా ఒక ఫైలు ప్రపంచమంతట వ్యాపించి లక్షల కంప్యూటర్లను పాడుచేసినది. దాని పేరు ఉత్తి వ్రాత ఫైలువలె కనబడెను. అసలు జాతిని తెలుపు చివరి అక్షరములను విండోస్ చూపకుండ దాచుటయే ఇందుకు కారణము. నేటికిని విండోస్‌లో ఇదియే మామూలు. కావున గ్రామాధికారులు తమ కంప్యూటరులో ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’ అను దానిని కనబడునట్లు చేసికొనవలెను.

మూడు హెచ్చరికలు

కూరగాయలు పండించు ఒక రైతును తలచుకొనుడు. సాయంకాలము అతని ఫోనునకు ఒక సందేశము వచ్చినది: ‘మీ పీఎం కిసాన్ వాయిదా నిలిచినది. ఈ రాత్రిలోగా ఫారము నింపుడు.’ క్రింద ఒక లింకు. దానిని నొక్కగా బ్రౌజరు, ఈ రకము ఫైలు హాని చేయవచ్చునని చెప్పినది. అతడు ‘ఐనను దించుము’ అని నొక్కెను. తెరువబోగా, తెలియని యాప్‌ను స్థాపించుటకు అనుమతి ఇత్తురా అని ఫోను అడిగినది. ఇచ్చెను. సందేశములను చదువ అనుమతి కావలెనని ఆ యాప్ కోరినది. అదియు ఇచ్చెను. అంతటితో బ్యాంకు పంపు ఓటీపీ అతని కంటె ముందుగా మోసగానికి అందును. కోత కూలికని ఉంచుకొన్న సొమ్ము తెల్లవారునప్పటికి ఖాతాలో ఉండదు.

ఫోను మూడు చోట్ల ఆపినది. మూడు చోట్లను తొందరయే గెలిచినది. పీఎం కిసాన్, బ్యాంకు, వాహనపు చలానా పేరులతో ఇట్టి ఏపీకేలు తిరుగుచున్నవని పోలీసు శాఖలు పలుమార్లు హెచ్చరించినవి. ఆండ్రాయిడ్ ఫోనులలో తెలియని యాప్‌ల స్థాపనకు అనుమతిని 2017 నుండి బ్రౌజరుకు వేరుగా, వాట్సాప్‌కు వేరుగా అడుగుచున్నారు. అన్నిటికిని ఆ అనుమతిని నిరాకరించి ఉంచవలెను. యాప్ కావలసినచో ప్లే స్టోర్ నుండియే తెచ్చుకొనవలెను. సర్కారు చిరునామా అగునో కాదో చూచుటకు మొదటి గీతకు ముందున్న తుది భాగమును చదువవలెను. అది సాధారణముగా గవ్.ఇన్ అని ముగియును. ఆ మాట నడుమ ఎక్కడనో ఉన్నంత మాత్రమున నమ్మరాదు.

గ్రామాధికారులకు

ధ్రువీకరణ పొందిన విత్తనపు సంచికి నీలి చీటీ ఉన్నట్లు, ఇంటర్‌నెట్ నుండి వచ్చిన ఫైలుకు విండోస్ ఒక గుర్తు తగిలించును. ఈ ఏర్పాటు 2004 నుండి బలపడినది. నీలి చీటీ నమ్మకమునకు గుర్తు, ఇది జాగ్రత్తకు గుర్తు. ఇది ఉన్నందుననే వర్డ్, ఎక్సెల్ ఆ ఫైలును చదువుటకు మాత్రమే తెరచును. దానిలో దాగిన మాక్రో ఆజ్ఞలను అడ్డగించు పద్ధతిని మైక్రోసాఫ్ట్ 2022లో అమలునకు తెచ్చినది. పసుపు పట్టీపై ‘ఎనేబుల్ ఎడిటింగ్’ అని కనబడగానే నొక్కుట అలవాటు చేసికొనరాదు. సామాన్యపు పెన్‌డ్రైవ్‌లోనికి ఎక్కించినచో ఈ గుర్తు రాలిపోవును. కావున ఇతరుల పెన్‌డ్రైవ్‌లో వచ్చిన ఫైలుపై హెచ్చరిక రాలేదని దానిని నమ్మరాదు.

మరియొక మాట. రైతులకు మీరు ఏదైన పంపునపుడు, ఏమి పంపుచున్నారో ముందుగా చెప్పి, పీడీఎఫ్ రూపముననే పంపుడు. అధికారి నుండి ఊరు పేరు లేని లింకులు వచ్చుట అలవాటైనచో, మోసగాని లింకును కూడ రైతు అట్లే నొక్కును.

నెట్ సెంటరులో

అక్కడి కంప్యూటరులో దించిన ఆధార్, పట్టాదారు పాసుపుస్తకము ప్రతులు మీరు వెళ్ళిన పిదప కూడ ‘డౌన్‌లోడ్స్’లో నిలిచియుండును. నగరము ప్రక్కనున్న మన భూముల కాగితములపై పరుల కన్ను ఉండుట సహజము. అచ్చు తీసిన వెంటనే ఆ ఫైలును తుడిపించి, రీసైకిల్ బిన్ నుండి కూడ తీసివేయించి, మీ కంటితో చూచి రావలెను. ఈ-ఆధార్‌కు తాళపు మాట ఉన్నను, అది పేరులోని మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరములు, పుట్టిన సంవత్సరము మాత్రమే. మిమ్ము ఎరిగినవారికి అది పెద్ద తాళము కాదు.

పొరపాటు జరిగినచో

వెంటనే ఫోనులోని ఇంటర్‌నెట్‌ను ఆపివేయవలెను. వేరొక ఫోనునుండి 1930 నంబరునకును, మీ బ్యాంకునకును తెలిపి ఖాతాను నిలుపు చేయించవలెను. ఆలస్యము చేసినకొలది సొమ్ము ఒక ఖాతానుండి మరియొక దానికి మారిపోవును. ఆ యాప్‌ను తొలగించి, తెలిసినవారిచే ఫోనును శుభ్రము చేయించి, పిన్ నంబర్లను మార్చుకొనవలెను. సిగ్గుపడి దాచుట వలన నష్టము పెరుగునే గాని తగ్గదు.

కావున సోదరులారా, సౌకర్యమును విడువ నక్కరలేదు. చదువుకొను ఫైలును సులభముగా తెరువుడు. పని చేయు ఫైలును గడప వద్దనే ఆపుడు. అనుమానము కలిగినచో రైతు వేదికలోని వ్యవసాయ విస్తరణాధికారికి చూపుడు. ఈ రాత్రిలోగా తెరువకున్న పోవునని బెదిరించు ఫైలును రేపు ఉదయము నలుగురితో కలిసి చూచినను నష్టము లేదు.