పాటల పక్కన పేర్ల తగాదా

తనకల్లు, కొక్కంటి క్రాస్, ఆ పక్క ములకలచెరువు దాకా పెళ్లిళ్లకూ దేవర్లకూ మైకుసెట్టు కట్టినవాణ్ని. రికార్డులు పోయి కేసెట్లు వచ్చినాయి, కేసెట్లు పోయి సీడీలు, ఇప్పుడు బొటనవేలంత పెన్‌డ్రైవ్. రికార్డు కాలంలో పాట వివరం మధ్యలో అంటించిన గుండ్రటి కాగితం మీద ఉండేది. ఇప్పుడు ప్రతి పాటా తన వివరాలు తన కడుపులోనే మోసుకుని తిరుగుతుంది. వాటినే ట్యాగులంటారు. పాట పేరు, పాడినవారు, సినిమా, సంగీతం, ఏడాది అన్నీ అందులోనే. చిక్కేమిటంటే, పాసుపుస్తకంలో ఒక పేరు, అడంగల్‌లో ఇంకో పేరు పడిన పొలంలాగా ఒకే పాటకు రెండు మూడు వివరాలుంటాయి. మొబైల్ అంగట్లో చిప్పులోకి పాటలెక్కించే పిల్లోళ్లు నన్ను అడిగే ప్రశ్నలన్నీ దాదాపు దీని గురించే. అందుకని నాకు తెలిసింది రాసి పెడుతున్నా.

1. ఫోన్‌లో ఒక పేరు, ట్రాక్టర్‌లో ఒక పేరు కనిపిస్తే సెట్టును తిట్టొద్దు. ఎంపీత్రీ ఫైలుకు రెండు చీటీలుండొచ్చు. 1996లో పుట్టిన ఐడీత్రీ మొదటి రకం చీటీ ఫైలు తోకలో, సరిగ్గా 128 బైట్ల చోటులో ఉంటుంది. 1998లో వచ్చిన రెండో రకం ఫైలు తలలో ఉంటుంది, కావలసినంత పెరుగుతుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఏప్ అనే మూడో చీటీ కూడా తగిలిస్తాయి. మీరు ఫోన్‌లో పేరు దిద్దితే తలలోది మారుతుంది, తోకలోది అట్లే ఉండిపోతుంది. కొన్ని పాత సెట్లు తోకనే చదువుతాయి. ఎంపీత్రీట్యాగ్ అనే సాఫ్ట్‌వేర్లో ఏ చీటీ చదవాలి, ఏది రాయాలి, ఏది తీసేయాలి అని విడివిడిగా ఎంచుకోవచ్చు. ముందు మూడింటినీ చదివించి, ఎందులో ఏముందో చూసుకోండి. తోకలో సరైన పేరుండి తలలో ఏదో వెబ్‌సైట్ పేరున్న ఫైళ్లు కొల్లలు. చూడకుండా తోక కోసేస్తే నిజం పోయి ప్రకటన మిగులుతుంది. చూసినాక మాత్రం ఒకే చీటీ ఉంచండి. నా ఓటు రెండో రకంలో 2.3కే. పాత కారు సెట్లు చాలావాటికి 2.4 అర్థం కాదు.

2. తోక చీటీలో పాట పేరుకు 30, పాడినవారికి 30, సినిమాకు 30, ఏడాదికి 4 బైట్లు. అంతకు మించింది తెగిపోతుంది. అసలది తెలుగు కోసం పుట్టిందే కాదు. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు తింటుంది. ఒత్తు, దీర్ఘం వేరే గుర్తుల కింద లెక్క. అన్నమాచార్య అన్న ఒక్క మాటకే 33 బైట్లు కావాలి. అంటే ఆయన పేరే ఆ గడిలో పట్టదు. కాబట్టి ఒక ఫైల్లో పేరు పొడుగ్గా, ఇంకో ఫైల్లో మధ్యలో తెగి ఉంటే అవి రెండు పాటలనుకోవద్దు, పొడుగుదాన్ని నమ్మండి.

అదే చీటీలో పాట జాతికి ఒక్క బైటే ఉంది, అందులో ఒక అంకె. సున్నా అంటే బ్లూస్, అమెరికాలో నల్లవాళ్ల బాధల పాట. గడి ఖాళీగా ఉందని చెప్పాలంటే 255 వేయాలి. అది తెలియని సాఫ్ట్‌వేర్ సున్నా వేసి ఊరుకుంటుంది. కటారుపల్లెలో వేమన సమాధి మనకు పక్కనే కదా, ఆ వేమన పద్యాలు మన సెట్లో బ్లూస్ అని పడేది అందుకే. వేమనకు అభ్యంతరం ఉండకపోవచ్చు గానీ, ఆ గడిని నమ్మి పాటలు వేరు చేయొద్దు.

3. తెలుగు పేరు పిచ్చి గీతలుగా కనబడితే వెంటనే చెరిపేయకండి. నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు ఏ, దాని పక్కన డిగ్రీ గుర్తు, మళ్లీ అదే ఏ, ఇట్లా వరసగా వస్తుంటే లోపల తెలుగు భద్రంగా ఉన్నట్టే. యూటీఎఫ్-8లో రాసినదాన్ని పాత యూరప్ అక్షరాల పద్ధతిలో చదువుతోంది, అంతే. చదివే పద్ధతి మారిస్తే తిరిగొస్తుంది. వరసగా ప్రశ్న గుర్తులుంటే మాత్రం అక్షరం చచ్చిపోయింది, మళ్లీ టైపు చేసుకోవలసిందే. ఉత్త డబ్బాలు కనబడితే తప్పు ఫైలుది కాదు, ఆ సెట్టుకు తెలుగు ఫాంటు లేదు. దానికోసం ట్యాగు పాడు చేయకుండా ఫైలు పేరు ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టుకోండి.

4. అన్నిటికన్నా పెద్ద పాఠం ఇది. ఏ గడికి ఆ గడికి సాక్షి వేరు. పది ఫైళ్లలో ఒకే వివరం ఉన్నంత మాత్రాన అది నిజం కాదు. పదీ ఒకే చోట నుంచి దిగినవి అయ్యుంటాయి.

పాడినవారి గడికి సాక్షి మీ చెవి. మన పాటల్లో ఈ గడిలోకి హీరో పేరు, సంగీత దర్శకుడి పేరు, అప్‌లోడ్ చేసినవాడి పేరు కూడా దూరతాయి. గొంతు వింటే తేలిపోతుంది. రాసినవారి గడికి సాక్షి పాటల పుస్తకం, సినిమా హాలు దగ్గర అమ్మేవారే, అది. ఇంట్లో ఉంటే పారేయకండి. అది లేకుంటే కేసెట్ అట్ట, రికార్డు లేబుల్. శంకరాభరణం చూడండి. వేటూరి గారి పేరు మొత్తం పాటలకు అంటించేస్తారు. అందులో త్యాగరాజ కీర్తన ఉంది, రామదాసు కీర్తన ఉంది, మానస సంచరరే సదాశివ బ్రహ్మేంద్రులది, బ్రోచేవారెవరురా మైసూరు వాసుదేవాచార్యులది. దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. దొరకునా ఇటువంటి సేవ వేటూరి గారిదైతే, దాన్ని త్యాగరాజు ఖాతాలో వేసినవాళ్లున్నారు. సినిమా మొత్తం ఎంచుకుని ఒకే దెబ్బలో ఒక పేరు కొట్టడం సులువు. ఆ సులువు వల్లే ఇన్ని తప్పులు.

ఏడాది గడి అన్నిటికన్నా మొండిది. అదే శంకరాభరణానికి ఒక చోట 1979, ఒక చోట 1980. రెండింటికీ కారణముంది. జాతీయ అవార్డులు వచ్చింది 1979 సినిమాల లెక్కలో, హాళ్లలో విడుదలైంది 1980 ఫిబ్రవరి 2న. ఆ పైన ఏదో కంపెనీ సీడీ వేసిన ఏడాది మూడోది. నేను విడుదల ఏడాదే వేస్తాను. ఎవరైనా అడిగితే పోస్టర్ చూపించి చెప్పగలిగేది అదే.

సంగీతం గడి దగ్గర మాయాబజార్ (1957) తగాదా పాతదే. అందులో కొన్ని పాటలకు సాలూరు రాజేశ్వరరావు గారు బాణీలు కట్టి తప్పుకుంటే, మిగతా పనంతా ఘంటసాల గారు చేసినారు. గడిలో తెరమీద పడిన ఘంటసాల పేరు ఉంచి, రాజేశ్వరరావు గారి పేరు వ్యాఖ్య గడిలో రాయాలని నా తీర్పు. రెండో పేరు ఎక్కడా రాయకపోవడం మాత్రం అన్యాయం.

5. పొట్టి పేర్లతో జాగ్రత్త. సత్యం అని ఉంటే ఏ సత్యం? చెళ్లపిళ్ల సత్యం సంగీతం కట్టినాయన, మాధవపెద్ది సత్యం పాడినాయన. కలిపేస్తే ఒకాయన పాటలు ఇంకొకాయన కింద పడతాయి. సిందూరానికి సంగీతమిచ్చిన శ్రీ పేరునైతే గౌరవవాచకమనుకుని కోసేసినవాళ్లున్నారు. రాజ్-కోటి జంట చేసిన పాటలకు కోటి పేరొక్కటే ఉండడమూ మామూలే. దీనికి విరుగుడు ఒక నోటుబుక్కు. ప్రతి ఒక్కరి పేరూ ఒకే రూపంలో, ఇంటిపేరుతో రాసుకుని ప్రతిసారీ అక్కణ్నుంచే ఎక్కించండి. బాలు గారి పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఎన్ని రకాలుగా రాస్తారో లెక్కలేదు. ఒక్కో రకానికీ ఫోను ఒక్కో గాయకుణ్ని పుట్టిస్తుంది.

6. అన్నమయ్య కీర్తనలకు సినిమా లెక్క పనికిరాదు. తాళపాకవారి రాగిరేకుల మీద పాటకు రాగం పేరుంది, స్వరం లేదు. ఆ పాత బాణీలు మనదాకా రాలేదు. ఇప్పుడు మనం వినేవి పోయిన శతాబ్దంలో, ఈ శతాబ్దంలో పెద్దలు కట్టినవి. వారిలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు (1893–1979) మన అనంతపురం నేలవారే. అందుకని రేకు మీద ఒక రాగం, పాటలో ఒక రాగం ఉంటే ఎవరూ తప్పు చేసినట్టు కాదు. ట్యాగులో పాడిన రాగమే వేయాలి. రేకు రాగం తెలిస్తే వ్యాఖ్యలో పెట్టండి. రాసినవారి గడిలో అన్నమాచార్యులు, సంగీతం గడిలో బాణీ కట్టినవారు. రెండు గడుల్లోనూ అన్నమయ్యనే కూర్చోబెడితే కట్టినాయన కష్టం గాలికి పోతుంది.

7. పాట విని పేరు చెప్పే సాఫ్ట్‌వేర్లున్నాయి. మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్ అట్లాంటిదే, పాట ధ్వనికి వేలిముద్ర తీసి వెతుకుతుంది. కొత్త పాటలకు బాగా పనికొస్తుంది. అది చెప్పేది ఇది ఏ రికార్డింగ్ అన్న ఒక్క సంగతే. మిగతా గడులు ఎవరో మనిషి నింపినవే. డబ్బింగ్ పాటలకు మరీ ప్రమాదం. రోజా (1992) తెలుగు పాటలు రాసింది రాజశ్రీ. అరవం ట్యాగు వచ్చి పడితే అరవంలో రాసిన వైరముత్తు పేరు ఎక్కుతుంది. అందుకే మొత్తం ఒకేసారి సరిచేసే బొత్తం నొక్కే ముందు పాటలన్నీ ఇంకో డ్రైవ్‌లోకి కాపీ తీసుకోండి.

8. ఇక ఊరి పాటలు. చెక్కభజన, కోలాటం, హరికథ, శెనక్కాయలు వొలిచేటప్పుడు ఆడవాళ్లు పాడేవి. ఇవి ఏ వేలిముద్రకూ చిక్కవు, వీటికి పాటల పుస్తకం లేదు. ఫోన్‌లో తీస్తే పేరుకు బదులు అంకెలు పడతాయి. గడియారం పెట్టని రికార్డర్‌తో తీస్తే తేదీ 1970 జనవరి 1 అనో 1980 అనో పడుతుంది. అప్పటికి ఆ రికార్డరూ లేదు, పాడిన పిల్ల పుట్టనూ లేదు. ఇక్కడ సాక్షి పాడినవాళ్లే. పాట అయిపోగానే, ఫోన్ ఆపకుండానే, మీ పేరేంది, ఏ ఊరు, ఎవరి దగ్గర నేర్చుకుంటివి అని అడిగి ఆ జవాబు కూడా రికార్డు కానివ్వండి. ట్యాగు ఎప్పుడు చెడిపోయినా గొంతులో వివరం ఉంటుంది.

ఊరు రాసేటప్పుడు ఊరు, మండలం రాసి ఆపండి. 2022 ఏప్రిల్ 4 దాకా తనకల్లు అనంతపురం జిల్లా, ఆ రోజు నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. జిల్లా పేరు రాస్తే పాత రికార్డింగులకూ కొత్తవాటికీ మళ్లీ ఇంకో తగాదా.

సినిమా పాటల ట్యాగులు మీరు దిద్దకపోయినా ఎప్పటికైనా ఎవరో ఒకరు దిద్దుతారు. మీ ఊరి భజన పాట గడులు నింపగలిగింది మీరొక్కరే. ఫోన్‌లో అట్లాంటివి ఉన్నవాళ్లు పాడినవాళ్ల ఇంటికి పోయి వినిపించి, ఈ నెలలోనే పేర్లు రాయించుకోండి.