వంద పొరల ఎరుపు నుంచి ప్యారిస్ కోటు దాకా

కోరమాండల్ అనగానే మనకు గుర్తొచ్చేది బెంగాల్ నుంచి చెన్నై వెళ్లే రైలు. ప్యారిస్ ఫ్యాషన్ హౌస్‌లలో పనిచేసేవాళ్లకు మాత్రం ఆ మాట వింటే నల్లటి లక్క మీద కొంగలు, పూలకొమ్మలు, సరస్సులు చెక్కి రంగులు నింపిన ఎత్తయిన మడత తెరలు కళ్లముందు నిలుస్తాయి. అవి చైనావి. 17వ శతాబ్దంలో యూరప్ కంపెనీల ఓడలు వాటిని మన తూర్పు తీరపు రేవుల మీదుగా తరలించాయి. చోళమండలం పేరు వాళ్ల నోట కోరమాండల్ అయింది. మన మచిలీపట్నం కూడా ఆ తీరంలోని రేవే. దారిలో తగిలిన తీరం పేరు తెరకు అంటుకుపోయింది, చెక్కినవాళ్ల ఊరి పేరు మాత్రం మరుగున పడింది.

డిజైన్ చదవాలనుకునే పిల్లలు సలహా కోసం వస్తే నేను ఈ తెర దగ్గరే మొదలుపెడతాను. ఒక చెక్కడపు పని ఎంతమందికి, ఎన్నేళ్లపాటు ఉపాధి చూపగలదో దీనికంటే బాగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు. కోకో షనెల్ ప్యారిస్‌లో 31, ర్యూ కాంబాన్‌లోని తన అపార్ట్‌మెంట్‌లో గోడల వెంట ఈ తెరలే నిలబెట్టుకుంది. ఆమె 1971లో కన్నుమూసింది. పాతికేళ్ల తర్వాత, 1996 శీతాకాలపు కలెక్షన్‌లో ఆమె ఫ్యాషన్ హౌస్ డిజైనర్ కార్ల్ లాగర్‌ఫెల్డ్ ఆ తెరలను నిలువెత్తు కోట్లుగా మార్చాడు. తెర మీది చెక్కడాన్ని గుడ్డ మీద సూదితో తిరిగి పలికించింది లెసాజ్ వర్క్‌షాప్ కళాకారులు. 2018లో షనెల్ కంపెనీ కోరమాండల్ పేరుతో ఖరీదైన నగల కలెక్షన్ తెచ్చింది. 2024 డిసెంబరులో చైనాలోని హాంగ్‌జౌ వెళ్లి వెస్ట్ లేక్ మీద ఫ్యాషన్ షో పెట్టింది. షనెల్ ఇంట్లోని ఒక తెర మీద చెక్కి ఉన్నది ఆ సరస్సు దృశ్యమే.

వీటన్నిటి వెనకా జీతాలు తీసుకునే మనుషులున్నారు: బొమ్మ గీసినవారు, నమూనా కుట్టినవారు, మైనం అచ్చు తీసినవారు, పాత వస్తువును పరిశోధించి వివరాలు రాసిచ్చినవారు. మీరు చేరగలిగిన ఉద్యోగాలు అవే.

దగ్గరగా చూడండి

చైనా చెక్కడాల్లో జేడ్ ఉంది, కట్టె ఉంది, దంతం ఉంది, కాగితం కత్తిరింపు ఉంది. అన్నిటికంటే ఫ్యాషన్ విద్యార్థికి ఎక్కువ నేర్పేది చెక్కిన లక్క పని అని నా నమ్మకం. ఎర్రగా ఉండేదాన్ని తిహోంగ్ అంటారు. మన ఏటికొప్పాక బొమ్మల లక్క పురుగు నుంచి వస్తుంది. చైనా లక్క అలా కాదు, చెట్టు సొన. ఆ చెట్టు మామిడి, జీడి కుటుంబానిదే. జీడిపిక్కల పెంకు రసం తగిలితే చర్మం ఎలా పొక్కుతుందో పలాస వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. పచ్చి లక్క సొన కూడా అలాగే కాలుస్తుంది.

ఆ సొనలో ఇంగిలీకం కలిపి, కట్టె పెట్టె మీద కాగితం కంటే పలుచగా ఒక పూత వేస్తారు. అది ఎండలో కాదు, తేమగాలిలో గట్టిపడుతుంది. గట్టిపడ్డాక రెండో పూత, ఆ తర్వాత మూడోది. మంచి పనికి ఇలా వంద పూతలు దాటుతాయి. నెలలు గడిచాక చేతికి దక్కే మందం కొద్ది మిల్లీమీటర్లు. చెక్కడం అప్పుడు మొదలవుతుంది. ఉలి ఒక్కసారి జారితే అన్ని నెలల పనీ పోయినట్టే. యువాన్ కాలపు ఝాంగ్ చెంగ్, యాంగ్ మావ్ ఈ పనిలో పేరుమోసిన ఉస్తాదులు. తర్వాత మింగ్ చక్రవర్తుల కొలువులో ఇది రాజవైభవం చూసింది.

ఇప్పుడు ఒక తిహోంగ్ పళ్లెం మీది దృశ్యాన్ని వేలెడు దూరం నుంచి చూడండి. మధ్యలో మండపం, చెట్టు, ఇద్దరు పెద్దమనుషులు. వాళ్ల వెనక ఖాళీగా కనిపించే చోటు నిజానికి ఖాళీ కాదు. ఆకాశం ఉన్నచోట సన్నటి అడ్డగీతల అల్లిక, నీళ్లున్నచోట అలల అల్లిక, నేల ఉన్నచోట గళ్లలో చిన్న పూల అల్లిక. ఒకే ఎరుపు, రెండో రంగు ఊసే లేదు. అయినా ఎక్కడ ఆకాశం ఆగి నీరు మొదలైందో కన్ను పట్టేస్తుంది. నేను మొదటిసారి ఈ సంగతి గమనించినప్పుడు ఆ పళ్లెం ముందు నుంచి చాలాసేపు కదలలేకపోయాను.

ఇంకో రకం తిషీ. ఎరుపు, నలుపు పూతలు మార్చి మార్చి వేసి, ఏటవాలుగా లోతుగా కోస్తారు. కోసిన అంచులో పొరలన్నీ చారలై బయటపడతాయి. ఉల్లిపాయను అడ్డంగా కోస్తే కనిపించే వలయాల్లాంటివి అనుకోండి.

గుడ్డ మీదికి ఎలా వస్తుంది?

విద్యార్థులు ఎక్కువగా తప్పుచేసేది ఇక్కడే. చైనా అనగానే డ్రాగన్ బొమ్మ వెతికి కుర్తా మీద ప్రింట్ వేస్తారు. ఆ పని ఫోన్‌లో ఎవరైనా చేయగలరు, దానికి జీతమిచ్చి మిమ్మల్ని పెట్టుకోనక్కర్లేదు. చెక్కడం నుంచి తీసుకోవాల్సింది బొమ్మను కాదు, పనితీరును. మూడు అల్లికల సూత్రం తీసుకోండి. ఒకే రంగు పట్టు మీద ఒకచోట ముడి కుట్టు, ఒకచోట గొలుసు కుట్టు, ఒకచోట పరుపు కుట్టు వేస్తే రంగు మారకుండానే మూడు లోకాలు తేలతాయి. మగ్గం వర్క్ చేసే ఇంటి నుంచి వచ్చిన పిల్లలకు ఇది చటుక్కున అర్థమవుతుంది, లోపల ప్యాడింగ్ పెట్టి పూరేకును పైకి లేపడం వాళ్లకు చిన్నప్పటి నుంచి తెలిసిన విద్య. తిషీ సూత్రాన్ని హ్యాండ్‌బ్యాగ్ అంచులోకి తేవచ్చు: రంగురంగుల తోలు పొరలు అతికించి ఏటవాలుగా కోస్తే అంచే అలంకారమవుతుంది. నగల్లో చేరాలనుకుంటే ఇదే ఉబ్బెత్తు పనిని త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో మలచడం నేర్చుకోవాలి.

చదువులు, కొలువులు

ఇంటర్ ఏ గ్రూపుతో పూర్తిచేసినా హైదరాబాద్ నిఫ్ట్‌లో నాలుగేళ్ల బీడిజైన్‌కు పోటీపడవచ్చు. ఫ్యాషన్ డిజైన్ ఒక్కటే పట్టుకుని కూర్చోవద్దు. ఈ రంగానికి దగ్గరైనవి టెక్స్‌టైల్ డిజైన్, యాక్సెసరీ డిజైన్, నిఫ్ట్ వేరే క్యాంపస్‌లలో ఉండే లెదర్ డిజైన్. రాతపరీక్ష తర్వాత ఉండే సిచ్యుయేషన్ టెస్ట్‌లో ఇచ్చిన వస్తువులతో అక్కడికక్కడే నమూనా తయారుచేయాలి. కాగితాన్ని పొరలుగా కోసి లోతు చూపించగలిగే చెయ్యి అక్కడ పనికొస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్‌ఐడీ ఉంది, ఐఐటీ హైదరాబాద్‌లో యూసీడ్ ప్రవేశపరీక్ష ద్వారా బీడిజైన్ ఉంది. చేతిపనే ప్రాణమనుకునేవారికి జైపూర్‌లోని ఐఐసీడీ. అర్హతలు, తేదీలు ఏటా నోటిఫికేషన్‌లో సరిచూసుకోండి.

చైనాలోనే చదవాలనుకుంటే హాంగ్‌జౌలో చైనా అకాడమీ ఆఫ్ ఆర్ట్, బీజింగ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫ్యాషన్ టెక్నాలజీ ఉన్నాయి. చైనా ప్రభుత్వ స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చేయవచ్చు. భాష మాత్రం తప్పదు. హెచ్‌ఎస్‌కే పరీక్షకు ఇక్కడుండగానే సిద్ధం కావడం మంచిది.

ఉద్యోగం అనగానే అందరూ ప్యారిస్ వైపు చూస్తారు, నేను ముందు ముంబయి వైపు చూడమంటాను. ప్రపంచంలోని పెద్ద ఫ్యాషన్ హౌస్‌ల ఎంబ్రాయిడరీ చాలావరకు అక్కడే తయారవుతుంది. డియోర్ 2023 మార్చి 30న గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గర షో పెట్టినప్పుడు దాని వెనకున్నది ముంబయిలోని చాణక్య వర్క్‌షాప్‌తో ఏళ్లుగా సాగుతున్న పనే. ఇలాంటి చోట్ల కొత్తవారు చేరేది స్వాచ్ డెవలప్‌మెంట్‌లో. స్వాచ్ అంటే అరచేతంత నమూనా ముక్క. డిజైనర్ ఒక పాత పెట్టె ఫొటో పంపి ‘ఈ లోతు గుడ్డ మీద కావాలి’ అంటే, ఏ దారం, ఏ కుట్టు, ఎన్ని గంటలు, ఎంత ఖర్చు అన్నది తేల్చి ముక్క చేసి పంపాలి. నాకు తెలిసి డిజైన్ చదువు అసలు పరీక్షకు నిలిచేది ఆ బల్ల దగ్గరే. కోరమాండల్ కోట్లు కుట్టిన లెసాజ్ కుటుంబానికి చెందిన జాన్ ఫ్రాన్స్వా లెసాజ్ 1990లలో చెన్నైలో వస్త్రకళ పేరుతో ఎంబ్రాయిడరీ వర్క్‌షాప్ స్థాపించాడు. చెన్నై ఉన్నదీ అదే కోరమాండల్ తీరంలో.

ఎవరిదో చెప్పండి

2022లో డియోర్ ఒక కుచ్చిళ్ల స్కర్టు తెచ్చింది. అది తమ సంప్రదాయ మామియన్ చున్‌ను పోలి ఉందని, ఆ మాట కంపెనీ చెప్పలేదని చైనా విద్యార్థులు ప్యారిస్‌లో నిరసన తెలిపారు. 2025 జూన్‌లో మిలాన్ షోలో ప్రాడా చూపిన చెప్పులు కొల్హాపురివే అని మనవాళ్లు గొంతెత్తాక, ఆ స్ఫూర్తి భారతీయ చేతిపనిదేనని కంపెనీ ఒప్పుకొంది. మన చెప్పుల విషయంలో మనకు కలిగిన బాధే వాళ్ల చెక్కడాల విషయంలో చైనావాళ్లకూ ఉంటుంది. కాబట్టి పోర్ట్‌ఫోలియోలో ప్రతి పేజీ కింద మూలం రాయండి: ఏ వస్తువు, ఏ కాలం, ఏ పద్ధతి, ఎక్కడ చూశారు. ఇంటర్వ్యూలో ఆ నాలుగు మాటలు మీ గౌరవాన్ని పెంచుతాయి.

చైనా పనితనం చూడ్డానికి బీజింగ్ దాకా పోనక్కర్లేదు. సాలార్‌జంగ్ మ్యూజియం తూర్పు విభాగంలో చైనా వస్తువులున్నాయి. శుక్రవారం సెలవు, మిగతా రోజుల్లో వెళ్లండి. ఫొటో తీసి వచ్చేయకుండా ఒక్క వస్తువు ముందు కూర్చుని గంటసేపు పెన్సిల్‌తో గీయండి. ఉలి పట్టడం తెలియాలంటే పెడన వెళ్లి కలంకారీ అచ్చులు చెక్కేవారి పక్కన కొన్నాళ్లు కూర్చోండి. టేకు చెక్క మీద గీతకు రెండువైపులా ఎంత తీయాలో, ఎక్కడ ఆగాలో వాళ్ల చెయ్యి చెబుతుంది.

నా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయి తిషీ గురించి విని, వాళ్లమ్మ పాత పట్టుచీరల ముక్కలు తొమ్మిది పొరలుగా కుట్టి బ్లేడుతో ఏటవాలుగా కోసింది. మొదటి ముక్క చీలికలు పేలికలైంది. రెండోది పైపొర దగ్గరే ఆగిపోయింది. పన్నెండో ముక్కలో ఎరుపు, పసుపు, ముదురాకుపచ్చ చారలు వరసగా విచ్చుకున్నాయి. ఇంటర్వ్యూకు ఆ ఒక్కటీ తీసుకెళ్తానంది. పాడైన పదకొండూ కూడా పట్టుకెళ్లమన్నాను. లోపల కూర్చున్నవాళ్లు మంచి ముక్కను ఒక నిమిషం చూసి పక్కన పెట్టి, తర్వాత అరగంటసేపు ఆ పదకొండింటి గురించే అడిగారట.