గమన నియమాలు, బలం ప్రమాణాలు

తెనాలి జంక్షన్‌లో రేపల్లె రైలు కదలగానే నిలబడ్డవాళ్లు వెనక్కి తూలతారు. ఇది జడత్వం, అంటే న్యూటన్ మొదటి నియమం. జడత్వ భావనకు బాట వేసింది గెలీలియో. మూడు నియమాలనూ న్యూటన్ 1687లో ‘ప్రిన్సిపియా’లో ప్రకటించాడు. బాపట్ల దగ్గరి సూర్యలంక వైమానిక దళ కేంద్రం నుంచి ప్రయోగించే క్షిపణికి ఆధారం మూడో నియమం: వాయువులు వెనక్కి, క్షిపణి ముందుకు. చర్య, ప్రతిచర్య వేర్వేరు వస్తువులపై పనిచేస్తాయి కాబట్టే ఒకదాన్నొకటి రద్దు చేసుకోవు. ప్రశ్నపత్రం తయారుచేసేవారికి ఈ మెలికంటే మహా ఇష్టం.

లెక్కలు ఎక్కువగా వచ్చేది రెండో నియమం నుంచే. ద్రవ్యవేగంలో మార్పు రేటు ఫలిత బలానికి అనులోమానుపాతంలో ఉంటుంది; ద్రవ్యరాశి స్థిరమైతే బలం = ద్రవ్యరాశి × త్వరణం. 1 కిలోగ్రాము ద్రవ్యరాశిలో 1 మీ/సె² త్వరణం కలిగించే బలమే 1 న్యూటన్. ఈ పేరు 1948లో అంతర్జాతీయంగా ఖరారైంది. సీజీఎస్ పద్ధతిలో ప్రమాణం డైన్. 1000 గ్రాములను 100 సెం.మీ/సె²తో గుణించండి: 1 న్యూటన్ = 1,00,000 డైన్లు. 1 కిలోగ్రామ్ భారం సుమారు 9.8 న్యూటన్లు.

రేపల్లె మిల్లులో 50 కిలోల బియ్యం బస్తా భారం ఎంత? 490 న్యూటన్లు. ఐచ్ఛికాల్లో 50 కనిపిస్తే తొందరపడి గుర్తు పెట్టకండి, అది ద్రవ్యరాశి.