కొట్లలో చోటు చాలనప్పుడు
పాఠ్యభాగము: లూకా 12:16–21



ఈ ఉపమానములోని ధనవంతుని చింత చోటును గూర్చినది. పాత కొట్లలో ఏమున్నదో అతడు తలుపు తీసి చూచినట్లు మనము చదువము; వాటికంటె పెద్దవి కట్టవలెనని మాత్రమే తలంచెను.

మా సంఘములో చూపు మందగించిన ఒక పెద్దమ్మగారు కలరు. ఆమె వాక్యము వినునట్లు మనుమడు ఫోనులో ఆడియో బైబిలు యాప్ వేయబోగా, స్థలము చాలదని వచ్చెను. అప్పుచేసియైనను కొత్త ఫోను కొందమని ఇంటివారు అనుకొనిరి. ఇంత చిన్న యాప్ ఎందుకు పట్టదని ఆమె మమ్మును అడిగెను.

యాప్ చుట్టకట్టిన పరుపువంటిది. దిగునప్పుడు 50 ఎమ్‌బి అయినను, విప్పి పరచుటకు ఎక్కువ చోటు కావలెను. అధ్యాయములను దించుకొన్నకొలది ఇంకను పెరుగును. పెట్టెమీద 32 జీబీ అని యున్నను, అందులో కొన్ని జీబీలు ఫోను నడుచుటకే పోవును. మెమొరీ కార్డులోనికి ఫొటోలు, పాటలు మార్చవచ్చును గాని, అనేక యాప్‌లు ఫోను సొంత స్థలమునే కోరును.

కావున ముందుగా ఉన్నదానిని చూడవలెను. వాట్సాప్ సెట్టింగులలో ‘స్టోరేజ్ అండ్ డేటా’, దానిలో ‘మేనేజ్ స్టోరేజ్’ తెరచితిమి. 5 ఎమ్‌బికి మించినవియు, పలుమారులు ఫార్వర్డ్ అయినవియు అక్కడ వేరుగా కనబడును. ఉదయ వందనముల పూలు, ఒకే వీడియో నాలుగు గ్రూపులనుండి! ఆ నాలుగింటిలో మన సంఘపు గ్రూపు ఒకటియని ఒప్పుకొనక తప్పదు.

మనుమడు త్వరపడి అంతయు చెరిపివేయబోయెను. మేము ఆపితిమి. ఏలయనగా ఆ రాశిలోనే ఆమె భర్తగారు మరణమునకు ముందు ఆసుపత్రినుండి తన స్వరముతో పంపిన ప్రార్థన యుండెను. రెండు నిమిషములది, ఒక్క ఎమ్‌బి కూడ లేదు. మొదట దానిని ఇద్దరు కుమార్తెల ఫోనులకు పంపి, కార్డులో నకలు ఉంచి, పిమ్మట తక్కినవి ఒక్కొక్కటిగా ఏరితిమి. ఒక సాయంకాలమంతయు పట్టెను. ఫొటోలు, వీడియోలు తమంతట దిగకుండ ‘మీడియా ఆటో-డౌన్‌లోడ్’ కూడ ఆపివేసితిమి.

ఇంకొక జాగ్రత్త. ‘క్లియర్ క్యాష్’ అనునది తాత్కాలికముగా చేరినదానినే తీసివేయును. ‘క్లియర్ డేటా’ అట్లు కాదు; యాప్‌లో మనము దాచుకొన్నదియు పోవును. తొందరలో ఒకదానికి బదులు మరియొకటి నొక్కరాదు.

ఆ రాత్రియే యాప్ ఎక్కెను. అయితే ఆమె మొదట వినగోరినది భర్తగారి ప్రార్థన. అది ముగిసిన పిమ్మట, 23వ కీర్తన పెట్టుమని మనుమనితో చెప్పెను.