ప్రోగ్రామింగ్ పుస్తకం ఎలా చదవాలి?



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ హాస్టళ్లలో చదివి పైచదువులకు వెళ్లే మనలో చాలామందికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఒక ఆశ. కానీ ఏ పుస్తకం చదవాలో చెప్పేవారు ఇంట్లో ఉండరు. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటి మనిషిని నేనే. గైడు బట్టీపడితే పరీక్ష పాసవుతాం. ఇంటర్వ్యూలో "ఈ లైను ఎందుకు రాశావు?" అని అడిగితే గైడు అక్కరకు రాదు. 2023లో సూర్యాపేటలోనే ఐటీ హబ్ ప్రారంభమైంది. ఉద్యోగం మన జిల్లాకు వచ్చినా ఆ ప్రశ్నకు జవాబు మనమే చెప్పాలి. అందుకు ఉపయోగపడే కొన్ని పుస్తకాలను, వాటిని చదివే పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను.

1. పెన్సిలుతో మొదలుపెట్టండి

బ్రయాన్ కెర్నిఘన్, డెన్నిస్ రిచీ రాసిన 'ది సి ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్' 1978లో వచ్చింది. రెండవ కూర్పు 1988లో వెలువడింది. సి భాషను తయారుచేసింది రిచీయే. మొదటి అధ్యాయంలో ఫారన్‌హీట్ డిగ్రీలను సెల్సియస్‌లోకి మార్చే ప్రోగ్రాం ఉంటుంది. అందులో 32 తీసివేసి, ముందు 5తో గుణించి, తర్వాత 9తో భాగిస్తారు. ముందే 5ను 9తో భాగిస్తే ఏమవుతుంది?

నీళ్లు మరిగే 212 డిగ్రీలు తీసుకోండి. 32 పోతే 180. దాన్ని 5తో గుణిస్తే 900, 9తో భాగిస్తే 100. సరైన జవాబు. కానీ సి భాషలో పూర్ణసంఖ్యను పూర్ణసంఖ్యతో భాగిస్తే దశాంశ భాగం పోతుంది. కనుక 5ను 9తో భాగిస్తే 0 వస్తుంది. 180ని సున్నతో గుణిస్తే సున్నే! సూత్రం తెలిస్తే చాలదు, లెక్క ఏ వరుసలో జరుగుతుందో కూడా తెలియాలి. దీనికి ల్యాప్‌టాప్ అక్కరలేదు, తెల్లకాగితం చాలు.

2. తర్వాతి మెట్టు

మన తెలుగువారు నరసింహ కరుమంచి రాసిన 'డేటా స్ట్రక్చర్స్ అండ్ అల్గారిథమ్స్ మేడ్ ఈజీ' ఇంటర్వ్యూలకు బాగా పనికొస్తుంది. అక్షరక్రమంలో వెయ్యి పేర్లున్న రిజిస్టరులో ఒక పేరు వెతకాలనుకోండి. ప్రతిసారీ మధ్య పేరు చూసి, అక్కరలేని సగాన్ని వదిలేస్తూ పోతే పదిసార్లకు మించి చూడనక్కరలేదు. ముందు రిజిస్టరుతో చేసి చూడండి, తర్వాత కోడ్ రాయండి.

3. పనితనం నేర్పే పుస్తకాలు

ఆండ్రూ హంట్, డేవిడ్ థామస్ 1999లో రాసిన 'ది ప్రాగ్మాటిక్ ప్రోగ్రామర్'లో ఒక చిట్కా ఉంది. తప్పు దొరకనప్పుడు ఒక రబ్బరు బాతుకైనా సరే ప్రోగ్రాంను లైను లైనుగా వివరించమంటారు. చెబుతుండగానే తప్పు బయటపడుతుంది. మనకు బాతు ఎందుకు? పక్క మంచం మిత్రుడు ఉన్నాడు కదా!

ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో 'ది మిథికల్ మ్యాన్-మంత్' రాశారు. ఆయన ఐబీఎంలో పెద్ద ప్రాజెక్టు నడిపిన మనిషి. ఆలస్యమైన ప్రాజెక్టులో కొత్తవాళ్లను చేరిస్తే ఇంకా ఆలస్యమవుతుందని చెప్పారు. వరినాట్లకు పదిమంది కూలీలు ఎక్కువ వస్తే పని తొందరగా తెములుతుంది. సాఫ్ట్‌వేర్‌లో కొత్తవారికి నేర్పడానికి పాతవారి పని ఆగుతుంది. అందుకే చేసిన పనిని ఇతరులకు అర్థమయ్యేలా రాసిపెట్టడం కూడా ఉద్యోగంలో భాగమే.

4. డబ్బు, ఇంగ్లీషు

నలుగురు కలిసి ఒక్క పుస్తకం కొనండి. 'థింక్ పైథాన్', 'ప్రో గిట్' పుస్తకాలను రచయితలే ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంచారు. ఇంగ్లీషు కష్టమైతే వారానికి ఐదు పేజీలే చదవండి. తెలియని మాటలను తెలుగు అర్థంతో నోట్‌బుక్‌లో రాసుకోండి. ప్రతి ప్రోగ్రాం నడపక ముందు జవాబు ఏమొస్తుందో రాయండి. వేరే జవాబు వస్తే ఎందుకో కనుక్కునే వరకు పేజీ తిప్పకండి.

పది పుస్తకాలు తిరగేసినవారికన్నా ఒక్కటి ఇలా చదివినవారే "ఎందుకు?" అన్న ప్రశ్నకు నిలబడతారు. వచ్చే వార్షికోత్సవం నాటికి మన హాస్టల్ నుండి అలాంటివారు పదిమంది తయారుకావాలని మనసారా కోరుకుంటున్నాను.